యురేకా హోటలు తగలబడిన రోజు

హోటలు అనగానే మనకు ఇడ్లీ, పెసరట్టు, గాజు గ్లాసులో టీ గుర్తుకొస్తాయి. బస్సు దిగిన ప్రయాణికుడు ఒక పూట ఆకలి తీర్చుకొనే చోటు అది. అయితే 170 ఏళ్ళ క్రితం ఆస్ట్రేలియా దేశంలో హోటలు అంటే అర్థం వేరు. భోజనం, బస అక్కడా ఉండేవి గాని, అసలు వ్యాపారం మాత్రం బీరు, బ్రాందీ. పగలంతా గోతిలో పనిచేసిన మనిషి రాత్రికి తన జేబులోని డబ్బు పోసి వచ్చే చోటు అది.

అలాంటి ఒక హోటలు సంగతి ఈ నెల చెప్పుకుందాం. దాని పేరు యురేకా హోటలు. బల్లారట్ అనే బంగారు గనుల ఊరిలో 1854వ సంవత్సరం మధ్యలో అది తలుపులు తెరిచింది. అదే సంవత్సరం అక్టోబరు 17న బూడిదైపోయింది. నాలుగు నెలలు కూడా సరిగా నిలవని ఆ కట్టడం గురించి ఆ దేశంలో పిల్లలు నేటికీ బడిలో చదువుకుంటున్నారు. దానిని తగలబెట్టిన కోపం ఎక్కడ పుట్టింది? ఆ మంట ఎవరికి మేలు చేసింది, ఎవరిని కాల్చింది? ఈ రెండు ప్రశ్నలు మనసులో పెట్టుకొని చదవండి.

గుడారాల ఊరు

ఆస్ట్రేలియా ఆగ్నేయ భాగాన విక్టోరియా అనే రాష్ట్రం ఉంది. అప్పట్లో అది బ్రిటిషువారి వలస రాజ్యం. 1851 జూలై 1న అది న్యూ సౌత్ వేల్స్ నుండి వేరుపడింది. మరుసటి నెలలోనే బల్లారట్ వద్ద బంగారం దొరికింది. ముఖ్యపట్టణమైన మెల్బోర్నుకు పడమటి దిక్కున, సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉన్న చోటు అది. తరతరాలుగా వాథవురంగ్ అనే ఆదివాసులు తిరుగాడిన నేల. అంతకుముందు గొర్రెల మందలు మేసిన ఆ కొండల మధ్యకు ఇంగ్లాండు, స్కాట్లాండు, ఐర్లాండు, అమెరికా, జర్మనీ, ఇటలీ, చైనా దేశాల నుండి మనుషులు వచ్చి పడ్డారు. మూడేళ్ళు తిరిగేసరికి అక్కడి జనం ఇంచుమించు 25,000 అయింది. ఇళ్ళు తక్కువ, గుడారాలు ఎక్కువ.

మొదట్లో బంగారం నేల పైపొరలోనే దొరికింది. పలుగు, పార, రేకు పళ్ళెం ఉంటే చాలు, వాగు ఒడ్డున మట్టి కడుక్కొని బ్రతికారు. ఆ సులువైన బంగారం త్వరలోనే అయిపోయింది. 1854 నాటికి భూమి అడుగున పూడిపోయిన పాత నదుల జాడ పట్టుకొని లోతుగా త్రవ్వవలసి వచ్చింది. యురేకా అని పిలిచిన భాగంలో 100 అడుగులకు మించి దిగవలసిన బావులు ఉండేవి. నలుగురైదుగురు కలిసి, పక్కలు కూలకుండా చెక్కలు దించుకుంటూ, ఊరిన నీళ్ళు బకెట్లతో చేదిపోసుకుంటూ నెలల తరబడి త్రవ్వాలి. అడుగుకు చేరాక బంగారం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మన మెట్ట ప్రాంతంలో అప్పు చేసి బోరు వేయించిన రైతుకు ఆ గుండెదడ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

దొరికినా దొరకకపోయినా ప్రభుత్వానికి లైసెన్సు సొమ్ము కట్టితీరాలి. 1851లో ఆ రుసుము నెలకు 30 షిల్లింగులు. 1853 చివరలో దానిని నెలకు ఒక పౌనుకు తగ్గించారు. దానికి బదులుగా ఒక్కొక్కరికి దక్కేది పన్నెండు అడుగుల చదరపు ముక్క. ఓటు హక్కు లేదు, శాసనసభలో తమ మాట చెప్పేవాడు లేడు. లైసెన్సు కాగితం ఎప్పుడూ ఒంటిమీద ఉండాలి. బురదలో తడుస్తుందని గుడారంలో పెట్టి బావిలోకి దిగినవాడు దొరికితే నేరస్థుడే. పోలీసులు గుర్రాలమీద, కాలినడకన వచ్చి చుట్టుముట్టేవారు. జైలులో చోటు లేనప్పుడు మనుషులను దుంగలకు, చెట్లకు గొలుసులతో కట్టివేసిన రోజులున్నాయి. 1854 జూనులో వచ్చిన క్రొత్త గవర్నరు సర్ చార్లెస్ హోథమ్ ఖజానా ఖాళీగా ఉన్నదని చూచి, ఈ తనిఖీలు వారానికి రెండుసార్లు జరపమని ఆజ్ఞ ఇచ్చాడు.

హోటలు లేచింది

బంగారు గనుల మీద మద్యం అమ్మకూడదని మొదట్లో ప్రభుత్వం నిషేధించింది. నిషేధం కాగితం మీద ఉంది గాని గుడారాలలో దొంగచాటు అమ్మకం సాగుతూనే ఉంది. పట్టిచ్చిన పోలీసుకు జరిమానాలో వాటా దక్కేది. అందువల్ల లంచం ఇచ్చినవాడి గుడారం నిలిచేది, ఇవ్వనివాడి గుడారం కాలేది. చివరకు 1854లో గనుల ప్రాంతంలో కూడా హోటళ్ళకు లైసెన్సులు ఇవ్వసాగారు. ఆ లైసెన్సులు ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేది స్థానిక మేజిస్ట్రేటులు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

అలా లైసెన్సు పొందినవాడు జేమ్స్ బెంట్లీ. ఇంగ్లాండులో నేరానికి శిక్షపడి, ఓడలో ఈ దక్షిణ ద్వీపాలకు పంపబడినవాడు. శిక్ష తీరాక మెల్బోర్ను చేరి, వ్యాపారంలో డబ్బు గడించాడు. భార్య కాథరిన్‌తో బల్లారట్‌కు వచ్చి, ఆ గుడారాల మధ్య చెక్కతో పెద్ద హోటలు కట్టించాడు. గదులు, బారు, వెనుకప్రక్క బంతిని దొర్లించి ఆడే ఆటశాల. చుట్టూ గోనెగుడ్డ గుడారాలలో వణుకుతున్న జనానికి రంగువేసిన ఆ మేడ ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోండి. అందులో ప్రభుత్వ శిబిరం అధికారులకు మర్యాద జరిగేది. గనివాడి డబ్బుకు విలువ ఉండేది గాని, గనివాడికి అంత ఉండేది కాదు.

అయినా ఒక మాట చెప్పాలి. బెంట్లీ శిక్ష అనుభవించి వచ్చినవాడు కాబట్టే చెడ్డవాడని అనుకోవడం సరికాదు. ఆ దేశాన్ని కట్టినవారిలో అటువంటివారు ఎందరో ఉన్నారు. అతని పతనానికి కారణం అతని గతం కాదు. అధికారులు తన చేతిలో ఉన్నారన్న ధీమా.

అక్టోబరు 7, అర్ధరాత్రి దాటాక

జేమ్స్ స్కోబీ స్కాట్లాండునుండి వచ్చిన యువకుడు. బంగారం త్రవ్వుకొని బ్రతుకుతున్నాడు. అక్టోబరు 6 రాత్రి అతడు, అతని స్నేహితుడు పీటర్ మార్టిన్ కలుసుకొని త్రాగారు. బాగా ప్రొద్దుపోయి తిరిగి వస్తుండగా యురేకా హోటలులో దీపం వెలుతురు కనిపించింది. ఇంకొంచెం త్రాగుదామని తలుపు కొట్టారు. లోపలివారు పొమ్మన్నారు. మాటా మాటా పెరిగింది. ఒక అద్దం పగిలింది. ఇద్దరూ అక్కడనుండి నడిచిపోయారు.

కొంత దూరం పోయాక వెనుకనుండి కొందరు వచ్చి మీదపడ్డారు. మార్టిన్ దెబ్బ తిని తప్పించుకున్నాడు. తిరిగి వచ్చి చూస్తే స్కోబీ నేలమీద పడి ఉన్నాడు. తలమీద బలమైన దెబ్బ. ప్రాణం పోయింది. పారతో కొట్టారని తరువాత విచారణలో చెప్పుకున్నారు.

దగ్గరలోని గుడారంలో ఒక కుటుంబం నిద్రిస్తూ ఉంది. ఆ తల్లి, పది సంవత్సరాలు మించని ఆమె కుమారుడు ఆ అలికిడికి లేచారు. బయట ఒక స్త్రీ గొంతు విన్నామనీ, అది హోటలు యజమానురాలి గొంతు అనీ వారు సాక్ష్యం చెప్పారు. ధనవంతుడైన ఇరుగుపొరుగువాడికి విరోధంగా ఒక పేద తల్లి, ఒక చిన్నపిల్లవాడు అధికారుల ఎదుట నిలబడి మాట్లాడారు. ఈ కథలో మొదటి ధైర్యం వారిది.

ముగ్గురు కూర్చున్న తీర్పు

శవపంచాయతీలో తగిన సాక్ష్యం లేదన్నారు. స్నేహితులు ఊరుకోలేదు. అక్టోబరు 12న మేజిస్ట్రేటుల ఎదుట విచారణ జరిగింది. ముగ్గురు కూర్చున్నారు: పోలీసు మేజిస్ట్రేటు జాన్ డ్యూస్, గనుల కమిషనరు రాబర్ట్ రీడ్, అసిస్టెంటు కమిషనరు జేమ్స్ జాన్‌స్టన్. బెంట్లీ, అతని భార్య, హోటలు మనిషి ఫారెల్ ముద్దాయిలు. ఇది పూర్తి విచారణ కూడా కాదు. పై కోర్టుకు పంపదగినంత అనుమానం ఉన్నదా లేదా అని తేల్చడమే వారి పని.

లేదని డ్యూస్, రీడ్ అన్నారు. ఉన్నదని జాన్‌స్టన్ అన్నాడు. ఇద్దరి మాట నెగ్గింది. బెంట్లీ తలెత్తుకొని ఇంటికి వెళ్ళాడు.

ఇక్కడ జాన్‌స్టన్ సంగతి కొంచెం ఆలోచించండి. అతడు గనివారికి ఇష్టుడు కాడు. లైసెన్సుల విషయంలో చాలా కఠినుడని పేరు. జనం అతనిని మెచ్చుకోరు, తోటి అధికారులతో విభేదిస్తే అతనికి ఒరిగేదీ లేదు. అయినా కళ్ళెదుట ఉన్న సాక్ష్యాన్ని కాదనలేకపోయాడు. న్యాయం ఎప్పుడూ మనకు నచ్చినవారి నోటినుండే రాదు.

డ్యూస్ విషయమేమిటి? అతడు హోటళ్ళ యజమానుల వద్ద అప్పులు తీసుకున్నాడని తరువాత ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం తేల్చింది. హోటలు లైసెన్సులు ఇచ్చేది అతడే, అప్పు పుచ్చుకొనేదీ అతడే, ఆ హోటలు యజమాని మీద హత్యానేరం వస్తే తీర్పు తీర్చేదీ అతడే. లంచమని ఎవరూ పేరు పెట్టకపోవచ్చు. అప్పే కదా, తిరిగి ఇస్తాను కదా అని అతడు తన మనసుకు సర్ది చెప్పుకొని ఉండవచ్చు. కాని ఋణపడినవాడి నాలుక స్వేచ్ఛగా ఆడదు. మన ఊళ్ళలో పంచాయతీ చెప్పే పెద్దమనిషి ఒక పక్షంవారి ఇంట భోంచేసి వచ్చి అరుగుమీద కూర్చుంటే, రెండవ పక్షంవాడికి ఆ తీర్పు వినకముందే తెలిసిపోదా?

అదే వారంలో మరొక గాయం తగిలింది. ఫాదర్ స్మిత్ అనే కాథలిక్ గురువు వద్ద జొహానెస్ గ్రెగోరియస్ అనే ఆర్మీనియా దేశస్థుడు పనిచేసేవాడు. అవిటివాడు. బంగారం త్రవ్వేవాడు కాడు గనుక లైసెన్సుతో పనిలేదు. అయినా అక్టోబరు 10న, రోగులను చూడబోయిన అతనిని లైసెన్సు ఏదని నిలదీసి, కొట్టి, జరిమానా వేశారు. ఇలా రోజుకొక సంగతి. ఎండుగడ్డి పేరుకుంటూ ఉంది.

అక్టోబరు 17

ఆ రోజున స్కోబీ చనిపోయిన చోటికి దగ్గరలో సభ పెట్టారు. వేలాది మంది వచ్చారు. 10,000 మంది అని వ్రాసినవారు కూడా ఉన్నారు. సభ క్రమంగానే జరిగింది. తీర్పు సరికాదనీ, నేరస్థులను తిరిగి విచారణకు తేవాలనీ తీర్మానాలు చేశారు. ఆ పని కొనసాగించడానికి ఒక సంఘాన్ని ఎన్నుకున్నారు. అందులో పీటర్ లాలర్ అనే ఐర్లాండు యువకుడు ఒకడు. అతని పేరు మళ్ళీ వస్తుంది. సభ ముగిసింది. మాట్లాడినవారు వెళ్ళిపోయారు.

జనం మాత్రం పోలేదు. సభాస్థలం నుండి హోటలు కనబడుతూనే ఉంది. గుంపు అటు జరిగింది. హోటలును కాపాడటానికి పోలీసులు, సైనికులు కొద్దిమంది నిలబడి ఉన్నారు. ఒక రాయి పడింది, ఒక దీపం పగిలింది. తరువాత కిటికీలు. కమిషనరు రీడ్ బయటకు వచ్చి శాంతపరచబోతే కోడిగ్రుడ్లతో కొట్టారు. అతని మాటకు ఐదు రోజుల క్రితమే విలువ పోయింది. బెంట్లీ గుర్రమెక్కి ప్రభుత్వ శిబిరానికి పారిపోయాడు. అతడు పారిపోవడం చూచి జనం ఇంకా రెచ్చిపోయారు. సామాను బయటకు విసిరారు. వెనుక ఆటశాల వద్ద నిప్పు అంటుకుంది. ఆ రోజు గాలి బలంగా వీస్తోంది. చెక్కతో కట్టిన మేడ. కొద్దిసేపటిలో అంతా అయిపోయింది.

ఆ దృశ్యాన్ని చార్లెస్ డూడియే అనే యువకుడు నీటిరంగులతో బొమ్మ గీశాడు. కెనడానుండి బంగారం కోసం వచ్చినవాడు. అతని బొమ్మల పుస్తకం ఎవరికీ తెలియకుండా కెనడాలో ఉండిపోయి, 1996లో బయటపడింది. బల్లారట్ చిత్రశాలవారు దానిని కొనుక్కున్నారు. నల్లటి పొగ, ఎర్రటి మంట, చుట్టూ చీమల్లా జనం: ఆ చిన్న బొమ్మలో నేటికీ ఆ మధ్యాహ్నం కనిపిస్తుంది.

మంట ఎవరిని కాల్చింది?

కొద్ది రోజులలో ప్రభుత్వం కదిలింది. బెంట్లీని తిరిగి పట్టుకున్నారు. సమాచారం ఇచ్చినవారికి బహుమానం ప్రకటించారు. నవంబరు 18న మెల్బోర్నులో జడ్జి రెడ్మండ్ బారీ ఎదుట, పన్నెండుమంది జ్యూరీ ముందు విచారణ జరిగింది. బెంట్లీ, ఫారెల్, హాన్స్ అనే మరొకడు దోషులని తేలింది. హత్య అని కాదు, బుద్ధిపూర్వకం కాని ప్రాణహరణమని. ఒక్కొక్కరికి మూడేళ్ళ కఠిన శిక్ష. కాథరిన్‌ను విడిచిపెట్టారు. డ్యూస్ ఉద్యోగం పోయింది. లంచాల మీద బ్రతికిన ఒక పోలీసు సార్జెంటు మేజరు ఉద్యోగం కూడా పోయింది.

ఇది చదివి, అయితే తగలబెట్టడమే మంచిదయింది కదా అని ఎవరైనా అనవచ్చు. తొందరపడకండి. లెక్క ఇంకా పూర్తికాలేదు.

హోటలు కాల్చారన్న నేరానికి ముగ్గురిని పట్టుకున్నారు. మెకిన్టైర్, ఫ్లెచర్, వెస్టర్బీ. వేలమంది గుంపులోనుండి ముగ్గురు. నిజంగా నిప్పుపెట్టినవారు వీరు కారనీ, చేతికి దొరికినవారిని పట్టుకెళ్ళారనీ గనివారు గట్టిగా నమ్మారు. మూడు నెలలు, నాలుగు నెలలు, ఆరు నెలలు చొప్పున వారికి జైలు పడింది. గుంపు చేసిన పనికి గుంపు ఎన్నడూ శిక్ష అనుభవించదు. అందరూ కలిసి వేసిన రాయి ఎవరో ఒకరి ఇంటి మీదనే పడుతుంది. ఆ ఇంట్లో స్టవ్ వెలగదు, పిల్లలకు తండ్రి ఉండడు.

ఆ కేసులో జ్యూరీవారు చేసిన పని గమనించదగినది. వారు ముగ్గురినీ దోషులన్నారు, దయ చూపమని కోరారు. అంతటితో ఆగకుండా ఒక మాట వ్రాసి ఇచ్చారు. బల్లారట్‌లో ప్రభుత్వ పనులు అప్పగించబడినవారు తమ విధిని సరిగా నెరవేర్చి ఉంటే, ఇంత బాధాకరమైన పని తమకు వచ్చి ఉండేది కాదని దాని సారాంశం. ఇల్లు కాల్చడం తప్పు అన్నారు. ఆ తప్పుకు బీజం వేసినది ఎవరో కూడా దాచకుండా చెప్పారు. ఒక తప్పు చూపి రెండవ తప్పును మాపే ప్రయత్నం చేయలేదు. ఈ విషయం మీద ఇంతకంటె సరియైన మాట తరువాతి కాలంలో ఎవరూ చెప్పలేదనిపిస్తుంది.

ఆదివారం తెల్లవారుజామున

కోపం హోటలుతో ఆరిపోలేదు. నవంబరు 11న బేకరీ హిల్ అనే గుట్టమీద బల్లారట్ సంస్కరణ సంఘం ఏర్పడింది. దాని నాయకుడు వేల్సు దేశస్థుడైన జాన్ హంఫ్రే. ఆయుధాలతో కాదు, న్యాయమైన మాట బలంతోనే సాధించాలన్నది అతని పట్టుదల. పెద్దలైన పురుషులందరికీ ఓటు, ఆస్తి లేనివారికి కూడా శాసనసభలో కూర్చొనే హక్కు, లైసెన్సుల రద్దు వంటివి వారు కోరారు. నవంబరు 27న వారి ప్రతినిధులు గవర్నరును కలిసి, జైలులో ఉన్న ఆ ముగ్గురిని విడిచిపెట్టాలని "డిమాండు" చేశారు. ఆ మాట గవర్నరుకు నచ్చలేదు. మనవి చేసుకొంటే వింటాను గాని డిమాండు ఏమిటన్నాడు. ఒక్క మాట దగ్గర రెండు పక్షాలూ బిగుసుకుపోయాయి.

నవంబరు 29న గనివారు నీలిరంగు మీద తెల్లని సిలువ, నక్షత్రాలు ఉన్న జెండా ఎత్తి, తమ లైసెన్సు కాగితాలను మంటలో వేశారు. మరునాడే అధికారులు మళ్ళీ తనిఖీకి వచ్చారు. ఆ రోజు పీటర్ లాలర్ ముందుకు వచ్చి జెండా క్రింద జనం చేత ప్రమాణం చేయించాడు. దుంగలు, బండ్లు అడ్డం పెట్టి యురేకా దగ్గర ఒక దడి కట్టారు.

డిసెంబరు 3 ఆదివారం. ఆరాధన దినాన తమ మీదకు ఎవరూ రారని నమ్మి, శనివారం రాత్రి చాలామంది తమ గుడారాలకు వెళ్ళిపోయారు. దడి లోపల నూరు నూటయాభై మంది మిగిలి ఉంటారు. తెల్లవారకముందే సుమారు 270 మంది సైనికులు, పోలీసులు వచ్చి పడ్డారు. పావుగంటలో ముగిసింది. గనివారి పక్షాన కనీసం 22 మంది, సైనికులలో ఐదారుగురు చనిపోయారు. లాలర్ ఎడమచేయి పోయింది. ఎర్రకోటు తొడిగిన సైనికుడు కూడా ఒక తల్లి కొడుకే, బీదవాడే. ఆ ఉదయం చనిపోయినవారిలో ఎంతమందికి డ్యూస్ తీసుకున్న అప్పు సంగతి తెలిసి ఉంటుంది?

పన్నెండుమంది సామాన్యులు

ప్రభుత్వం 13 మందిమీద రాజద్రోహ నేరం మోపింది. ఋజువైతే ఉరి. 1855 ఆరంభంలో మెల్బోర్నులో విచారణలు జరిగాయి. మొదటివాడు జాన్ జోసెఫ్, అమెరికానుండి వచ్చిన నల్లజాతివాడు. జ్యూరీ అతనిని నిర్దోషి అన్నది. బయట వేచి ఉన్న జనం అతనిని కుర్చీలో కూర్చోబెట్టి వీధులలో ఊరేగించారు. తరువాత ఒక్కొక్కరుగా పదముగ్గురూ విడుదలయ్యారు. వారిలో ఒకడైన ఇటలీ దేశస్థుడు రాఫెల్లో కార్బోనీ ఆ సంగతులన్నీ పుస్తకంగా వ్రాసి 1855లోనే అచ్చువేయించాడు.

గనుల పరిస్థితి విచారించిన కమిషను నివేదికను అనుసరించి 1855లో నెలసరి లైసెన్సు పోయింది. దాని స్థానంలో సంవత్సరానికి ఒక పౌను చెల్లించే హక్కుపత్రం వచ్చింది. అది ఉన్నవాడికి ఓటు కూడా ఉంది. తలకు 200 పౌన్ల వెల కట్టబడి దాగి తిరిగిన లాలర్, అదే సంవత్సరం హంఫ్రేతో పాటు శాసనమండలిలో కూర్చున్నాడు. 1880 నుండి 1887 వరకు అతడే విక్టోరియా శాసనసభకు స్పీకరు. ఒక్క చేతితో ఆ కుర్చీలో కూర్చొని సభను నడిపించాడు. 1856లో విక్టోరియాలో రహస్య ఓటు పద్ధతి కూడా వచ్చింది. నేడు మనం తెరచాటుకు వెళ్ళి, ఎవరికీ భయపడకుండా ఓటు వేస్తున్నామంటే, ఆ పద్ధతిని లోకంలో ముందుగా అమలులో పెట్టిన చోట్లలో అది ఒకటి.

బెంట్లీ సంగతి అడుగుతారేమో. శిక్ష తీరాక అతడు తిరిగి నిలదొక్కుకోలేకపోయాడు. 1873లో నల్లమందు ద్రావకం మ్రింగి ప్రాణం తీసుకున్నాడు. అధికారుల స్నేహం అతనికి ఆ ఒక్క గురువారం మాత్రమే ఉపయోగపడింది. నిజానికి ఆ రోజున ముగ్గురూ జాన్‌స్టన్ అన్నట్లే అని ఉంటే, బెంట్లీ పైకోర్టులో శిక్ష పొంది, దానిని అనుభవించి వచ్చేసరికి అతని హోటలు అతనికి ఉండేది. తప్పుడు తీర్పు స్కోబీ కుటుంబానికే కాదు, అది ఎవరి పక్షాన చెప్పబడిందో వారికి కూడా శాపమే అయింది.

ప్రియమైన చదువరులారా, మనలో మేజిస్ట్రేటులు ఎక్కువమంది ఉండరు. అయినా తీర్పు చెప్పే సందర్భాలు మనందరికీ వస్తాయి. అన్నదమ్ముల పొలం గట్టు తగాదాలో, పాలివారి నీళ్ళ వంతులో, సంఘపు లెక్కలలో, ఇంట్లో కోడలికీ కొడుక్కీ మధ్య మాట వచ్చినప్పుడు మనవైపు చూస్తారు. అప్పుడు మన చేయి ఎవరి అప్పులోనైనా ఉన్నదా? ఉంటే "నేను ఈ తీర్పులో కూర్చోను, మరొకరిని పిలవండి" అని లేచిపోవడం అవమానం కాదు. డ్యూస్ ఆ ఒక్క మాట అని ఉంటే బల్లారట్ చరిత్ర వేరుగా ఉండేది.

మరి అన్యాయం జరిగినవారి సంగతి? గుంపుతో కలిసి నిప్పు పట్టుకోవడం సులభం. అర్ధరాత్రి గుడారంలో తాము విన్నదానిని పగటివేళ అధికారుల ఎదుట నిలబడి చెప్పిన ఆ తల్లీకొడుకుల పని కష్టం. ఈసారి ఊళ్ళో మన కళ్ళెదుట ఏదైనా జరిగినప్పుడు, మనం వారిలాగు నోరు తెరుస్తామా, లేక తలుపు వేసుకుంటామా? ఈ ప్రశ్నను ఇంటిల్లిపాది కూర్చొని ఒకసారి మాట్లాడుకోండి. పిల్లలను కూడా కూర్చోబెట్టుకోండి. ఆ గుడారంలోని పిల్లవాడి వయసు పదేళ్ళే.